కొత్త కంప్యూటరు, పాత తాళంచెవులు

ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో ఊరగాయ కొలతలూ, పిల్లల పేచీలూ తగ్గి కంప్యూటర్ల గొడవ ఎక్కువైంది. కారణం లేకపోలేదు. విండోస్ 10 కి అందరికీ ఉచితంగా ఇస్తూ వచ్చిన భద్రతా మరమ్మతులను 2025 అక్టోబరు 14 తో ఆపివేశారు. తరువాతిదైన విండోస్ 11 ని మోసే శక్తి పాత యంత్రాలలో చాలావాటికి లేదు. అందుచేత, మీట నొక్కితే శుభ్రంగా వెలుగుతున్న కంప్యూటర్ని పక్కనపెట్టి కొత్తది కొనవలసి వచ్చింది ఎన్నో ఇళ్ళలో. కుట్టుమిషను ఎవరైనా ఇలా మార్చారా? అత్తగారి మిషను కోడలికీ, కోడలిది మనవరాలికీ వచ్చేది. సరే, ఆ ప్రస్తావన ఇప్పుడెందుకు లెండి.

విజయవాడ నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "కొత్త కంప్యూటరు బాగానే వుంది గాని అందులో మావి ఏవీ దొరకడం లేదు. మామయ్యగారు రోజూ చూసే పేజీలు లేవు. ఏది తెరిచినా పాస్‌వర్డు చెప్పమంటోంది. అత్తయ్యగారికి అక్షరాలు గసగసాల్లా కనిపిస్తున్నాయిట. షాపతన్ని పిలిస్తే యంత్రంలో లోపమేమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు."

షాపతను చెప్పినది నిజమే. ఆ ఇంట్లోవారు వెతుకుతున్నవన్నీ బ్రౌజరు అనే దానిలో వుండేవి. ఇంటర్నెట్టులో పేజీలు తెరిచి చూపించే సాధనం అది. మనం క్రోమ్ అనీ, ఎడ్జ్ అనీ, ఫైర్‌ఫాక్స్ అనీ పిలుచుకునేవి ఇవే. విహారిణి అని దీనికి తెలుగులో పేరు పెట్టినవారున్నారు. పేరు చక్కగా వుంది గాని మా ఇంట్లో ఎవరూ అనరు. మనం గుర్తుపెట్టుకున్న చిరునామాలు, దాచమని చెప్పిన పాస్‌వర్డులు, ఏ పేజీకి ఏ అనుమతి ఇచ్చాం, అక్షరాలు ఎంత లావున వుండాలి, ఇవన్నీ ఏళ్ళ తరబడి అందులో పేరుకుంటాయి. కొత్త యంత్రంలోని బ్రౌజరుకి మనమెవరమో తెలియదు. తయారుచేసినవాళ్ళు తమకు నచ్చినట్టు సర్దిన సర్దుబాటుతో అది వస్తుంది. దాన్ని మన ఇంటి అలవాటుకి తెచ్చుకునే పని మనదే. మహా అయితే ఒక పూట పని.

మొదట చెప్పవలసినది పాత కంప్యూటరు గురించి. దాన్ని ఎక్స్‌ఛేంజి కింద ఇచ్చెయ్యడానికి తొందరపడకండి. ఇల్లు మారేటప్పుడు పాత ఇంటి తాళంచెవులు అప్పగించేముందు అటక మీదా, అలమరలోనూ మరోసారి చూసుకోమా? ఇదీ అంతే.

బుక్‌మార్కులను, అంటే గుర్తుపెట్టుకున్న చిరునామాలను, తెచ్చుకోవడం తేలిక. పాత యంత్రంలో క్రోమ్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఓ మీటలు మూడూ కలిపి నొక్కితే అవన్నీ ఒకచోట కనిపిస్తాయి. పైన కుడివైపున మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కి ఎక్స్‌పోర్ట్ అంటే అన్నీ కలిపి ఒక్క ఫైలుగా కట్టి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని కొత్తదానిలో ఇంపోర్ట్ అనండి, సరిపోయింది.

పాస్‌వర్డులనూ ఇలాగే తీసుకోవచ్చు గాని అక్కడ మాత్రం జాగ్రత్త కావాలి. బయటికి వచ్చే ఆ ఫైలుకి ముసుగేమీ వుండదు. ఫలానా చోటు, ఫలానా పేరు, ఫలానా పాస్‌వర్డు అని వరసగా, తెరిచిన ప్రతివాడూ చదువుకునేలాగ వుంటుంది. బీరువా తాళాలన్నీ గుత్తి కట్టి వీధి గుమ్మానికి తగిలించడంతో సమానం. దాన్ని మెయిలులో పంపకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. కొత్త యంత్రంలోకి ఎక్కించిన మరుక్షణం పెన్‌డ్రైవులోనుంచీ, రెండు కంప్యూటర్లలోనుంచీ, రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలోనుంచీ కూడా తీసివెయ్యండి.

ఇంత శ్రమ ఎందుకు, గూగుల్ ఖాతాతో లోపలికి వెళితే అన్నీ వాటంతట అవే వస్తాయి కదా అంటారు మా మేనల్లుడి వంటివాళ్ళు. వస్తాయి. ఎవరి ఖాతాతో వెళుతున్నామన్నదే నేను అడిగే ప్రశ్న.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయి అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి, తల్లిదండ్రులకు మంచి కంప్యూటరు కొనిపెట్టాడు. వాళ్ళకి కొత్త ఖాతా తెరిచే ఓపిక లేక, బ్రౌజరులో తన ఖాతాతోనే లోపలికి వెళ్ళి, అన్నీ సర్ది, విమానం ఎక్కాడు. కొన్ని నెలల తర్వాత ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళే ఉద్దేశంతో వీసా సంగతి చూద్దామని కూర్చున్నారు. వీసా అన్న మాట కొట్టేసరికి, బ్రౌజరు అలవాటు ప్రకారం, అంతకుముందు ఆ ఖాతాలో వెతికిన మాటలను కింద వరసగా చూపించింది. ఉద్యోగం పోతే వీసా ఎన్నాళ్ళుంటుంది, 60 రోజుల గడువు ఏ రోజు నుంచి లెక్క, ఇలాంటివి. ఆ అబ్బాయి అక్కడ అర్ధరాత్రి కూర్చుని వెతుక్కున్న మాటలవి. తల్లికి చెప్పలేక దాచుకున్న సంగతి, ఆవిడ వంటింటి పక్కనున్న బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఫోను చేసి, "ఏరా నాన్నా, అన్నం తింటున్నావా?" అని మాత్రం అడిగారుట. అతనికి ఆరోవారంలో ఇంకో ఉద్యోగం దొరికింది లెండి. కాని తన తల్లికి ఎలా తెలిసిందో అతనికి చాలాకాలం అంతుపట్టలేదు.

ఇందులో యంత్రం చేసిన తప్పు లేదు. ఒకే ఖాతాతో రెండుచోట్ల బ్రౌజరు నడుస్తూ, సింక్ అనే సదుపాయం తెరిచి వుంటే, ఇక్కడివి అక్కడికీ అక్కడివి ఇక్కడికీ చేరుతాయి. అదే దాని ప్రయోజనం. అందుచేత ఇంట్లో ఎంతమంది వాడుతున్నారో అన్ని ప్రొఫైళ్ళు పెట్టుకోండి. క్రోమ్‌లో పైన కుడిచేతివైపు చిన్న గుండ్రని బొమ్మ వుంటుంది. దాన్ని నొక్కితే కొత్త ప్రొఫైలు చేర్చుకునే వీలు కనిపిస్తుంది. మామగారిదొక రంగు, అత్తగారిదొక రంగు, కాలేజీకి వెళ్ళే అమ్మాయిదొక రంగు. ఎవరి గుర్తులు వాళ్ళవి, ఎవరి వెతుకులాట వాళ్ళది. అయితే ఒక మాట. ప్రొఫైలు అన్నది తెర వంటిది, తలుపు కాదు. ఇంట్లో ఎవరైనా అవతలివారి రంగు మీద నొక్కి లోపలికి వెళ్ళవచ్చు. గట్టి తలుపు కావాలనుకునేవారు విండోస్‌లోనే మనిషికొక ఖాతా పెట్టి, దానికి పిన్ పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్ళ దగ్గర దాపరికమేమిటి అని పెద్దవాళ్ళు నొచ్చుకోవచ్చు. ఉత్తరాలు వచ్చే రోజుల్లో మాత్రం ఒకరి కవరు ఇంకొకరు చింపేవారా?

ఇక బ్యాంకు సంగతి. పాత బుక్‌మార్కులు కొత్త కంప్యూటరులోకి తెచ్చుకున్నారు కదా, వాటిని ఒకసారి దులిపి చూడండి. మన బ్యాంకుల చిరునామాలు మారాయి. మోసగాళ్ళు బ్యాంకు పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ చేసి దొంగ పేజీలు పెడుతున్నారని, బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివర వుండే చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ తోక ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే వుంది. అది మన హైదరాబాదులోనే, మాసాబ్‌టాంకు దగ్గర వున్న ఐడీఆర్‌బీటీ. రిజర్వు బ్యాంకు 1996 లో స్థాపించిన సంస్థ ఇది. బ్యాంకు కానివాడు వెళ్ళి అడిగితే ఆ తోక దొరకదు. డాట్ కామ్ అయితే డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతుంది. తేడా తెలిసింది కదా.

ఇక్కడ విజయవాడ సోదరి అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా వుంది. పాస్‌వర్డులన్నీ తెచ్చుకున్నా బ్యాంకు పేజీలో మాత్రం బ్రౌజరు దాన్ని నింపడం లేదని వారి ఫిర్యాదు. కొన్ని బ్యాంకులు అసలు దాచుకోనివ్వవు, అది ఒక కారణం. ఇంకొకటి, బ్రౌజరు ప్రతి పాస్‌వర్డునీ చిరునామాతో ముడిపెట్టి దాస్తుంది. చిరునామా మారితే నోరు విప్పదు. ఇది విసుగు పుట్టించే విషయమే గాని, నన్నడిగితే ఇంతకంటె నమ్మకమైన కాపలావాడు లేడు. దొంగ పేజీ ఎంత అచ్చు బ్యాంకులాగే వున్నా, మన కన్ను మోసపోయినా, చిరునామాలో ఒక్క అక్షరం తేడా వుంటే అది పాస్‌వర్డు నింపదు. అందుచేత ఎప్పుడూ తనంతట తాను నింపే బ్రౌజరు ఒకరోజు నింపకపోతే, గబగబా చేత్తో కొట్టెయ్యకండి. ఆగి, పైనున్న చిరునామా చివరిదాకా చదవండి. కొత్త చిరునామా పాసుబుక్కులోనో, బ్రాంచిలోనో చూసుకుని, ఒక్కసారి మీ చేత్తో కొట్టి, అది సరైనదని తేలాక దానికి బుక్‌మార్కు పెట్టుకోండి. పాతదాన్ని తీసిపారెయ్యండి.

బ్యాంకులే కాదు. తెలంగాణాలో భూముల వివరాలకు 2020 నుంచి ధరణి వుండేది. 2025 ఏప్రిల్లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత గుర్తు పట్టుకుని వెళ్ళేవారికి దారి తప్పుతుంది. తిరుమల దర్శనం టిక్కెట్ల విషయంలో మరీ జాగ్రత్త. దేవస్థానంవారి అసలు చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ తో ముగుస్తుంది. ప్రతిసారీ వెతికి వెళ్ళేవారికి మొదట కనిపించే వరసలు డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు కావచ్చు. దేవుడి పేరు మీద దొంగ పేజీలు పెట్టేవాళ్ళూ వున్నారు మరి. ఒకసారి సరైనచోటికి వెళ్ళి గుర్తు పెట్టుకున్నవారికి ఈ బెడద లేదు. బుక్‌మార్కు అనే దానిని నేను ఇంతగా పట్టుకు వేళ్ళాడడానికి ఇదే కారణం.

పెద్దవాళ్ళున్న ఇంట్లో వెంటనే మార్చవలసిన సెట్టింగు ఇంకొకటుంది. ఏదో వార్త చదువుదామని ఒక పేజీ తెరుస్తారు. "మీకు కబుర్లు పంపించమంటారా?" అని అడుగుతుంది. ఇంటికొచ్చినవాడిని కాదనడం మన పెద్దవాళ్ళకి అలవాటు లేదు. అలౌ అని నొక్కుతారు. ఆ రోజు నుంచీ, ఆ పేజీ మూసేసినా, తెర మూల నుంచి కాగితాలు పైకి లేస్తూ వుంటాయి. మొదట సినిమా కబుర్లు, తర్వాత బహుమతులు, ఆ తర్వాత "మీ కంప్యూటరుకి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోను చేయండి" అన్న ఎర్రని హెచ్చరిక. బెదిరిపోయి ఫోను చేస్తే, అవతలివాడు మర్యాదగా మాట్లాడుతూనే కంప్యూటరు తన చేతిలోకి తీసుకుంటాడు. మిగిలింది చెప్పక్కరలేదు.

ఈ కాగితాలు వైరస్ కావు. మనమిచ్చిన అనుమతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దానిలో సైట్ సెట్టింగ్స్, దానిలో నోటిఫికేషన్స్ అని వుంటుంది. అక్కడ ఏ పేజీకీ అడిగే అవకాశమే లేకుండా చేయవచ్చు. ఇదివరకే అనుమతి పొందినవాటి జాబితా కూడా అక్కడే కనిపిస్తుంది. ఒక్కొక్కటీ తీసివెయ్యండి. మనకి నిజంగా కావలసినవి ఒకటో రెండో మించి వుండవు. ఇప్పటికే ఎవరైనా అలా ఫోను చేసి డబ్బు పోగొట్టుకుని వుంటే, సిగ్గుపడి ఊరుకోవద్దు. 1930 నంబరుకి వెంటనే ఫోను చెయ్యాలి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకి మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళను ఆ సమయంలో కేకలు వేసేవాళ్ళను చూశాను. దానివల్ల వాళ్ళు రెండోసారి జరిగినప్పుడు చెప్పడం మానేస్తారు, అంతే.

అత్తయ్యగారి గసగసాల సంగతికి వద్దాం. కంట్రోల్ మీట పట్టుకుని ప్లస్ గుర్తు నొక్కితే ఆ పేజీ పెద్దదవుతుంది. కాని ప్రతి పేజీకీ ఆవిడ ఎక్కడ నొక్కుతారు? సెట్టింగ్స్‌లో అపియరెన్స్ కింద అక్షరం పరిమాణం 16 అని వుంటుంది. దాన్ని 20 చెయ్యండి. అక్కడే ఫాంట్లను సవరించుకునేచోట, ఇంతకంటె చిన్న అక్షరం చూపించవద్దు అని కూడా చెప్పవచ్చు. ఇంగ్లీషు అక్షరం చిన్నదైనా చదవగలం. తెలుగులో వొత్తు, గుడి, దీర్ఘం కిందా మీదా వుండడం చేత చిన్నదైతే అలుక్కుపోతుంది.

మైక్రోసాఫ్టువారు తెలుగు అక్షరాలకు పెట్టిన పేర్లు మీరు గమనించారా? ఎక్స్‌పీ కాలంలో గౌతమి, విండోస్ 7 తో వాణి, 8 తో నిర్మల. పెళ్ళివారింట్లో అక్కచెల్లెళ్ళలాగ లేరూ! కొత్త కంప్యూటర్లలో నిర్మల ఒక్కతే ఇంట్లో వుంటుంది. గౌతమీ, వాణీ కావాలంటే ఆప్షనల్ ఫీచర్స్ అనేచోటికి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ తెచ్చుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే తెలుగు పేజీలకు ప్రత్యేకంగా ఫలానా అక్షరం వాడమని చెప్పే వీలుంది. గౌతమికి అలవాటు పడ్డ కళ్ళకి అది చాలా ఊరట.

తెలుగువాళ్ళం కనుక ఇంకో తమాషా కూడా భరించాలి. కొత్త కంప్యూటరులో మన తెలుగు వారపత్రిక పేజీ తెరవండి. "ఇది తెలుగులో వుంది, ఇంగ్లీషులోకి తర్జుమా చెయ్యమంటారా?" అని అడుగుతుంది. మన పెరట్లో మన కరివేపాకు కోసుకుంటుంటే ఎవరో వచ్చి, ఇది కరివేపాకు, కొత్తిమీరగా మార్చమంటారా అన్నట్టు. దీనికి కోపం తెచ్చుకోనక్కరలేదు. మనకి తెలుగు వచ్చునని దానికెవరూ చెప్పలేదు. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కి వెళ్ళి తెలుగుని చేర్చండి. తెలుగుని తర్జుమా చెయ్యవద్దనే మాట కూడా అక్కడే చెప్పవచ్చు. మళ్ళీ అడగదు.

కుకీలనేవి ఒకటున్నాయి. తినేవి కావు. మనం వచ్చామని పేజీలు మన బ్రౌజరులో పెట్టుకునే చీటీలు. 1994 లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టాయి. మనం వెళ్ళిన పేజీ పెట్టుకునే చీటీతో పేచీ లేదు. బజారులో మనం ఏ కొట్టు ఎక్కినా వెంటవచ్చే మూడోవాడి చీటీలతోనే చిక్కు. ఫైర్‌ఫాక్స్ అటువంటి వెంబడించేవాటిని 2019 నుంచి తనంతట తానే ఆపుతోంది. క్రోమ్‌లో వాటిని పూర్తిగా తీసేస్తామని 2020 లో గూగుల్ ప్రకటించి, 2024 లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవారు ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో థర్డ్ పార్టీ కుకీస్ అనేది మనమే కట్టివెయ్యాలి. ఎక్కడైనా పేజీ మొరాయిస్తే దానికొక్కదానికి సడలించుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా పాత యంత్రాన్ని ఒక నెలరోజులు ఇంట్లోనే వుంచండి. ఏడాదికొకసారి కట్టే ఇంటిపన్ను పేజీ, ఎప్పుడో చేరిన సంఘం పేజీ, ఇటువంటివి వెంటనే గుర్తుకు రావు. నెల తరువాత తుడవడానికి కూర్చున్నప్పుడు వరస తప్పవద్దు. ముందు బ్రౌజరులో మీ ఖాతా నుంచి సైన్ అవుట్ కండి. ఆ తరువాతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి మొదటినుంచీ వున్నదంతా చెరిపెయ్యండి. ఖాతాలో వుండగానే చెరిపితే, ఆ చెరుపు ఖాతాలోకి వెళ్ళి, కొత్త కంప్యూటరులో మీరు సర్దుకున్నవి కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ పైన విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్ళి, రీసెట్ దిస్ పీసీ అని, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. ఫొటోలూ గట్రా ముందే తీసుకున్నారు కదా. క్లీన్ డేటా అనేది కూడా తెరిచి పెడితే కొన్ని గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

పాతది ఇదివరకే ఇచ్చేశామే అనేవారు బెంగపడవద్దు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద మీ డివైసెస్ అని వుంటుంది. పాత కంప్యూటరు పేరు మీద నొక్కి అక్కడినుంచే సైన్ అవుట్ చెయ్యండి. తరువాత బ్యాంకుతో మొదలుపెట్టి పాస్‌వర్డులు మార్చుకోండి.

ఫోను మార్చినప్పుడు వాట్సాప్‌లోని పాత ఫొటోలు ఏమవుతాయని గుంటూరు నుంచీ, ఖమ్మం నుంచీ ఇద్దరు అడిగారు. అది వచ్చేవారం.